చిన్న పుస్తకం, పెద్దవాళ్ల కథ

గాడిచర్ల హరిసర్వోత్తమరావు స్మారకోపన్యాసం



గాడిచర్ల వారు 1883లో కర్నూలులో పుట్టారు. 1907లో వందేమాతరం ఉద్యమం వేడిలో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ ఆయన్ని బయటికి పంపింది. మరుసటి ఏడాది ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన రాతకు రాజద్రోహం కింద మూడేళ్లు జైల్లో పెట్టారు. ఒక వ్యాసం కోసం జైలుకెళ్లిన మనిషికి అక్షరం విలువ ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాతి జీవితంలో ఎక్కువ భాగం ఆయన గ్రంథాలయోద్యమానికీ, వయోజన విద్యకూ ఇచ్చేశారు. 1960లో కన్నుమూశారు. మన పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే.

ఆయన పేరిట జరిగే సభలో గ్రంథాలయాల చరిత్ర గురించో, పత్రికా స్వేచ్ఛ గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. నేను ఎంచుకున్న విషయం వేరు. సైనికులు, తుపాకులు, గస్తీ, మెరుపుదాడి, నూరు పేజీలు దాటని కథ. పుస్తకమంటేనే మొహం తిప్పుకునే పెద్దవాళ్ల కోసం పనిగట్టుకుని రాసిన యాక్షన్ థ్రిల్లర్. అలాంటి పుస్తకం రాయడం సాహిత్యంలో బాధ్యత గల పని అనీ, తెలుగులో ఆ పని మనం చేయలేదనీ, ఇప్పుడైనా చేయాలనీ చెప్పడానికే ఈ వేదిక ఎక్కాను.

చదువురాని సిపాయి

బ్రిటన్‌లో ఆండీ మెక్‌నాబ్ అనే కలంపేరుతో రాసే మాజీ సైనికుడు ఉన్నాడు. 1959లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి మెట్ల మీద, హారడ్స్ దుకాణం సంచీలో పసిగుడ్డుగా దొరికాడు. ఒక కుటుంబం పెంచుకుంది. బడి అతనికి ఒంటబట్టలేదు. చిల్లర నేరాలు చేసి బాలనేరస్థుల నిర్బంధంలోకి వెళ్లాడు. అక్కడినుంచి 1976లో, పదహారేళ్ల వయసులో సైన్యంలో చేరాడు. అప్పటికి అతనికి చదవడం సరిగా రాదు. సైన్యంలోని చదువుల విభాగం అతన్ని కూర్చోబెట్టి చదివించింది. తాను పూర్తిగా చదివిన మొదటి పుస్తకం ‘జానెట్ అండ్ జాన్’ అని అతనే అనేకసార్లు చెప్పుకున్నాడు. అది ప్రాథమిక పాఠశాల పిల్లల వాచకం.

ఒక్క క్షణం ఆ దృశ్యం ఊహించండి. తుపాకీ విప్పి, తుడిచి, తిరిగి బిగించగల కుర్రాడు. రేపో మాపో మనుషుల మీద కాల్పులు జరపాల్సినవాడు. వాడి చేతిలో ఇద్దరు పసిపిల్లలు ఆడుకునే బొమ్మల వాచకం. అతను దాన్ని పూర్తి చేశాడు. పూర్తి చేశానన్న గర్వం ఈనాటికీ అతని మాటల్లో వినిపిస్తుంది. అయితే అదే వాచకం ముందు సిగ్గుపడి లేచిపోయినవాళ్లు ఎందరో, వాళ్ల కథలు ఎవరూ రాయలేదు.

తర్వాత అతను ఎస్.ఎ.ఎస్. అనే ప్రత్యేక దళంలో చేరాడు. 1991 జనవరిలో, గల్ఫ్ యుద్ధం నడుస్తుండగా, ఎనిమిది మందితో ఇరాక్ సైన్యం వెనకభాగానికి వెళ్లిన ‘బ్రావో టూ జీరో’ గస్తీ దళానికి నాయకుడు. ముగ్గురు చనిపోయారు, నలుగురు పట్టుబడ్డారు, ఒకడు కాలినడకన సరిహద్దు దాటి సిరియా చేరాడు. పట్టుబడ్డవాళ్లలో మెక్‌నాబ్ ఒకడు. 1993లో అదే పేరుతో పుస్తకం రాశాడు. అందులోని కొన్ని వివరాలను ఆ రెజిమెంటులో పనిచేసినవాళ్లే తర్వాత ప్రశ్నించారు. పుస్తకం మాత్రం లక్షల్లో అమ్ముడుపోయింది. ఆ తర్వాత వరసగా నవలలు రాశాడు.

పేరూ డబ్బూ వచ్చాక అతను ఒకప్పటి తనలాంటి వాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లాడు. జైళ్లలో, ఫ్యాక్టరీల్లో, సైనిక శిబిరాల్లో చదువు గురించి మాట్లాడాడు. 2006లో బ్రిటన్‌లో, చదవడం అలవాటు లేని పెద్దవాళ్ల కోసం ‘క్విక్ రీడ్స్’ అనే చిన్న పుస్తకాల వరస మొదలైంది. దాని వెనక ఉన్నది రాండమ్ హౌస్ ప్రచురణ సంస్థను నడిపిన గెయిల్ రీబక్. మొదటి విడతలోనే మెక్‌నాబ్ ‘ది గ్రే మ్యాన్’ రాశాడు. 2010లో ‘లాస్ట్ నైట్ అనదర్ సోల్జర్’ వచ్చింది. ఆఫ్ఘనిస్తాన్‌లో పోరాడే పద్దెనిమిదేళ్ల సిపాయి కథ అది. పేరు చూడగానే టీవీ వార్త గుర్తుకొస్తుంది: నిన్న రాత్రి మరో సైనికుడు మరణించాడు. ఆ ఒక్క వాక్యంతో వార్త ముగిసిపోతుంది, మనం చానెల్ మారుస్తాం. ఆ వాక్యానికి అవతల ఉన్న కుర్రాళ్లకు ఈ పుస్తకం ముఖాలిచ్చింది. 2013లో ‘టుడే ఎవ్రీథింగ్ చేంజెస్’ అనే చిన్న పుస్తకంలో, సైన్యంలో చదువు తన బతుకును ఎలా మార్చిందో తన కథగా చెప్పాడు. 2017లో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన గౌరవానికి కారణంగా పేర్కొన్న వాటిలో అక్షరాస్యతకు చేసిన సేవ ఉంది.

ఆ పుస్తకాల వెనక ఉన్న మర్యాద

క్విక్ రీడ్స్ పుస్తకాల్లో నాకు బాగా నచ్చినది అవి పాఠకుడికి ఇచ్చే మర్యాద. పెద్ద నవలను కత్తిరించి కుదించినవి కావు. చాలావరకు ఈ పాఠకుడి కోసమే కొత్తగా రాసినవి. రాసినవాళ్లు మేవ్ బించీ, రూత్ రెండెల్, వాల్ మెక్‌డెర్మిడ్, మినెట్ వాల్టర్స్ వంటి పేరున్న రచయితలు. జోవానా ట్రోలప్ రాసిన ‘ది బుక్ బాయ్’లో ముప్పై ఎనిమిదేళ్ల ఇల్లాలు నాయిక. ఆమెకు చదవడం రాదు. ఒక కుర్రాడి సాయంతో అక్షరాలు నేర్చుకుంటుంది.

పుస్తకం అట్ట మామూలు నవల అట్టలాగే ఉంటుంది. బస్సులో పక్కన కూర్చున్నవాడికి ఇది చదువు సరిగా రానివాళ్ల కోసం వేసిన పుస్తకమని తెలియదు. ధర చాలాకాలం ఒక్క పౌండు ఉండేది. పుస్తకాల దుకాణంలో కాలు పెట్టడానికి జంకేవాడికి సూపర్‌మార్కెట్‌లోనే దొరికేది. జైళ్లు, కాలేజీలు, పని స్థలాలు వీటిని తెప్పించుకున్నాయి. 2018లో డబ్బు చాలక ఈ వరస ఆగిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు జోజో మోయెస్ అనే నవలా రచయిత్రి, లోగడ తానూ ఈ వరసకు ‘ప్యారిస్ ఫర్ వన్’ రాసినామె, మూడేళ్ల ఖర్చును తన చేతి డబ్బుతో భరించి దాన్ని నిలబెట్టింది. రచయితలు తోటి పాఠకుడి కోసం ఇంత చేస్తారని తెలిసినప్పుడు నాకు మన గ్రంథాలయోద్యమ కార్యకర్తలే గుర్తొచ్చారు.

ఇలాంటి పుస్తకాల్లో సైనిక కథకు ప్రత్యేకమైన బలం ఉంది. ఎందుకో చెబుతాను.

సైనిక కథలో మొదటి పేజీలోనే పని మొదలవుతుంది. ఎక్కడికి వెళ్లాలి, ఎందుకు, ఎన్ని గంటల్లో, ఎవరితో అన్నది పాఠకుడికి తెలిసిపోతుంది. నిదానంగా చదివేవాడికి దారి తప్పుతామన్న భయం ఎప్పుడూ ఉంటుంది. పని స్పష్టంగా ఉంటే ఆ భయం పోతుంది. పాత్రలు కూడా పనిని బట్టి గుర్తుంటాయి: రేడియో మోసేవాడు, గాయాలకు కట్టుకట్టేవాడు, ముందు నడిచేవాడు. నాలుగు పేర్లు చాలు. సైన్యంలో మాట తీరే పొట్టిది. కాల్పుల మధ్య ఎవడూ సమాసాలు వాడడు. అలా రచయిత పొట్టి వాక్యం రాసినా అది పిల్లల భాషగా వినపడదు, పని భాషగా వినపడుతుంది. అన్నింటికంటే ముఖ్యం, బరువు మోయడం, నిద్ర చాలకపోవడం, పైవాడి గదమాయింపు, తోటివాడి మీద నమ్మకం, ఇంటి దిగులు. ఇవన్నీ లారీ నడిపేవాడికీ, సెంట్రింగ్ పని చేసేవాడికీ, రాత్రి కాపలా కాసేవాడికీ సొంత అనుభవాలు. అక్షరాల దగ్గర అతను తడబడినా అర్థం దగ్గర తడబడడు. అక్కడ అతను మనకంటే ముందుంటాడు.

యుద్ధం తయారుచేసిన పాఠకులు

సిపాయికీ పుస్తకానికీ ఉన్న స్నేహం కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలోనూ, అది ముగిశాకా అమెరికా ప్రచురణకర్తలు కలిసి 1943 నుంచి 1947 వరకు ‘ఆర్మ్‌డ్ సర్వీసెస్ ఎడిషన్స్’ పేరిట సైనికులకు పుస్తకాలు పంపారు. 1,300కు పైగా పుస్తకాలు, సుమారు 12 కోట్ల ప్రతులు. యూనిఫాం జేబులో పట్టేటట్టు అడ్డంగా కుట్టిన చిన్న పుస్తకాలవి. పేజీని రెండు నిలువు వరసలుగా విడగొట్టి అచ్చువేశారు. పంక్తి పొట్టిదైతే కన్ను సులువుగా కింది పంక్తికి దిగుతుంది, మసక వెలుతురులో, ఓడ ఊగుతున్నా చదువుకోవచ్చు.

పుస్తకాలంటే దూరంగా ఉన్న కుర్రాళ్లు ఎందరో ఆ శిబిరాల్లో పాఠకులయ్యారు. కారణం సూక్ష్మమైనదేమీ కాదు. చేతికి అందేంత దగ్గరలో పుస్తకం ఉంది. జేబులో పట్టింది. ఎవరూ పరీక్ష పెట్టలేదు. పక్కవాడు చదివి, బాగుందని చేతికిచ్చాడు. పాఠకులను తయారుచేయాలనుకునే ఏ దేశానికైనా ఈ నాలుగు సంగతులు చాలు.

మన దగ్గర జరిగినవి

మనకు ఇలాంటి అనుభవం లేదని అనుకోవద్దు. వెయ్యి నవలల రచయితగా పేరుపడ్డ కొవ్వలి లక్ష్మీనరసింహరావు పుస్తకాలు రైల్వే స్టేషన్లలో చవగ్గా అమ్ముడుపోయేవి. ఆ నవలల కోసమే చదవడం నేర్చుకున్నామని చెప్పుకున్న ఇల్లాళ్లు మన అమ్మమ్మల తరంలో ఉన్నారు. పండితులు ఆ పుస్తకాలను పక్కన పెట్టారు. పెరటి గుమ్మంలో కూర్చున్న ఆడవాళ్లు మాత్రం వాటిని పట్టుకునే అక్షరాల్లోకి అడుగుపెట్టారు.

తర్వాతి తరంలో డిటెక్టివ్, గూఢచారి నవలలు ఆ పని చేశాయి. కొమ్మూరి సాంబశివరావు రాసిన యుగంధర్ కథలు, మధుబాబు రాసిన షాడో కథలు. కోస్తాలో మా ఊరి అద్దెపుస్తకాల షాపులో ఒక సాయంత్రం నేను చూసిన దృశ్యం చెబుతాను. ఒక లారీ డ్రైవరు వచ్చి కౌంటరు మీద చేతులు ఆనించి నిలబడ్డాడు.

“బాబాయ్, లావుది వద్దు. మొదటి పేజీలోనే ఏదో ఒకటి జరగాలి.”

“షాడో ఉంది, తీసుకెళ్లు,” అన్నాడు షాపాయన.

“అక్షరాలు పెద్దవేనా?”

షాపాయన పుస్తకం తెరిచి అతని ముందు పెట్టాడు. డ్రైవరు వేలు పంక్తి కింద పెట్టి, పెదవులు కదుపుతూ నాలుగు వాక్యాలు చదివాడు. తలూపి, పుస్తకాన్ని చొక్కా లోపలికి దోపుకుని వెళ్లిపోయాడు. ఈ పాఠకుడికి ఏం కావాలన్న దానిమీద అంతకంటే మంచి వివరణ నేను ఏ సదస్సులోనూ వినలేదు. లావు ఉండకూడదు, వెంటనే ఏదో జరగాలి, అక్షరం కనపడాలి.

ఇక పెద్దవాళ్ల కోసం రాసిన కథకు ఎంత శక్తి ఉంటుందో నెల్లూరు జిల్లా మనకు చూపించింది. 1991లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. మొగుడి సారా తాగుడుతో ఇల్లు గుల్లయిన ఆడమనిషి కథ అది. రాత్రిబడిలో లాంతరు చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు దాన్ని పాఠంగా వదిలేయలేదు. ఇది మా ఇంటి కథే కదా అన్నారు. ఆ జిల్లాలోని దూబగుంటలో ఆడవాళ్లు ఏకమై సారా దుకాణం మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. దూబగుంట ఆడవాళ్లు చేసిన పనే తర్వాతి వాచకంలో పాఠమైంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పసిపిల్లల వాచకం ఇచ్చి ఉంటే ఆ ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుని ఊరుకునేవారేమో. పెద్దవాళ్ల బతుకున్న కథ ఇచ్చారు కాబట్టి వాళ్లు చదివారు, చదివి లేచారు.

ఆ ఉద్యమంలో ఆడవాళ్లకు ‘సీతమ్మ కథ’ దొరికింది. మగవాళ్లకు అలాంటి కథ ఏదీ మనం ఇవ్వలేదు. రాత్రిబడికి రావడానికి మగవాడు నామోషీ పడతాడు. భార్య ముందు, పిల్లల ముందు, ఊళ్లో తనకంటే చిన్నవాడి ముందు కూర్చుని అక్షరాలు దిద్దడం అతనికి తలకొట్టేసినట్టు ఉంటుంది. అలాంటివాడికి బడి కంటే ముందు పుస్తకం కావాలి. ఎవరూ చూడకుండా, డ్యూటీ మధ్యలో, టీ బంకు దగ్గర తెరిచి చదువుకునే పుస్తకం.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతం. మిగతా మూడోవంతు గురించి మనం తరచూ మాట్లాడతాం. అక్షరాస్యులుగా లెక్కలో చేరినవాళ్లలో, బడి మానేశాక పుస్తకం ముట్టనివాళ్ల గురించి మాట్లాడం. ఏడో తరగతో, పదో తరగతో చదివారు. బస్సు బోర్డు చదువుతారు, ఫోన్‌లో మెసేజీ చదువుతారు. నూరు పేజీల పుస్తకం చదివి పదిహేనేళ్లయి ఉంటుంది, లేదా అసలు ఎన్నడూ చదివి ఉండరు. వాడకపోతే చదువు తుప్పుపడుతుంది. పుస్తకానికీ వాళ్లకూ మధ్య దూరం ఏటా పెరుగుతోంది.

అలాంటివాళ్లను పుస్తకం దగ్గరికి లాగే కథలు మన ఊళ్లలోనే ఉన్నాయి. పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. జనం నోట అది మిలటరీ మాధవరం. తరాలుగా ఆ ఊరి కుర్రాళ్లు సైన్యంలోకి వెళుతున్నారు, రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ పోరాడారు. తెలుగు నేల మీద ఇంకా ఎన్నో పల్లెల్లో రిటైరైన సుబేదార్లు, నాయక్‌లు ఉన్నారు. సియాచిన్ మంచు, రాజస్థాన్ ఇసుక, ఈశాన్య రాష్ట్రాల అడవులు చూసి వచ్చినవాళ్లు. అరుగు మీద కూర్చుని వాళ్లు చెప్పే కథలు వినడానికి ఊరు మూగుతుంది. ఆ కథలు పుస్తకంగా వస్తే చదివేవాళ్లు ఉండరని ఎవరైనా అంటే నేను నమ్మను.

తెలుగులో ఎలా రాయాలి

తెలుగుకు సొంత చిక్కులున్నాయి. ఇంగ్లిషు పద్ధతిని ఎత్తుకొచ్చి ఇక్కడ పెడితే నిలబడదు. ఒక నమూనా చూపిస్తాను. మన పత్రికల్లో సైనిక కథ సాధారణంగా ఇలా మొదలవుతుంది:

“భీకర హిమపాతంలో చిక్కుకుని, ప్రధాన శిబిరంతో సంబంధాలు పూర్తిగా తెగిపోయిన ఆ అయిదుగురు సభ్యుల గస్తీ బృందానికి నాయకత్వం వహిస్తున్న హవల్దారు, ప్రాణాపాయాన్ని సైతం లెక్కచేయకుండా ముందుకు సాగుతూ, ఒక్కసారి వెనుదిరిగి చూసి, తన అనుచరులలో ఒకరు కనిపించకపోవడంతో దిగ్భ్రాంతికి గురయ్యాడు.”

ఇది తప్పు తెలుగు కాదు. అలవాటున్నవాళ్లకు ఒక్క గుక్క. వేలు పెట్టి చదివేవాడికి కొరుకుడు పడదు. క్రియ కోసం అతను వాక్యం చివరిదాకా వెళ్లాలి, అక్కడికి చేరేసరికి మొదలు మరిచిపోతాడు. అదే సంగతి ఇలా చెప్పి చూడండి:

“మంచు ఆగలేదు. రేడియో పలకలేదు. హవల్దారు ఆగాడు. వెనక్కి తిరిగి లెక్కపెట్టాడు. నలుగురు ఉండాలి. ముగ్గురే ఉన్నారు.”

రెండో దానిలో కథ ఏమీ తగ్గలేదు. ‘దిగ్భ్రాంతి’ అన్న మాట పోయింది, దాని బదులు దిగ్భ్రాంతే వచ్చింది. పాఠకుడు హవల్దారుతో కలిసి లెక్కపెట్టాడు. నాలుగో మనిషి ఏమయ్యాడో తెలుసుకోకుండా ఇక పుస్తకం మూయలేడు. సులువుగా రాయడమంటే సరుకు తగ్గించడమని మనలో చాలామంది అనుకుంటారు. అరటిపండు ఒలిచి చేతిలో పెడితే పండు తగ్గదు.

ఇంకా కొన్ని మెలకువలున్నాయి. తెలుగులో కర్తను వదిలేసి క్రియతో నడిపించేస్తాం. ‘వెళ్లాడు, చూశాడు, వచ్చాడు’. మనకు అందం. నలుగురు సైనికులున్న కథలో ఎవరు వెళ్లారో, ఎవరు వచ్చారో నిదానంగా చదివేవాడికి తెలియదు. పేరు మళ్లీ చెప్పాలి, అది పునరుక్తి దోషం అవుతుందని భయపడకూడదు. అలాగే మన సంభాషణల్లో మాట మొత్తం అయ్యాక చివర్న ‘అన్నాడు ఫలానావాడు’ అని వస్తుంది. అయిదు పంక్తుల మాట చదివాక అది ఎవరిదో తెలిస్తే మళ్లీ మొదటికి వెళ్లాలి. మాట్లాడేవాడు ముందు కనపడాలి. ‘వెళ్లి, చూసి, తీసుకుని, వచ్చి’ అని క్రియలు గొలుసుకట్టుగా పేర్చే అలవాటును రెండు కొక్కేల దగ్గర ఆపాలి. కథను వరసగా, జరిగినది జరిగినట్టు నడపాలి. గతంలోకీ వర్తమానంలోకీ గెంతకూడదు. అధ్యాయం అయిదారు పేజీలు దాటకూడదు, ప్రతి అధ్యాయం ఒక ప్రశ్నతో ఆగాలి.

అచ్చు సంగతి కూడా రచయితలు పట్టించుకోవాలి. తెలుగు అచ్చులో పంక్తి చివర చోటు చాలకపోతే మాటను ఎక్కడపడితే అక్కడ విరిచేస్తాం. ‘తుపా’ పైన, ‘కీ’ కింద. మధ్యలో గీత కూడా పెట్టం. అనుభవమున్న కన్ను దాన్ని అతికించుకుంటుంది. కొత్త కన్ను ‘తుపా’ అంటే ఏమిటని ఆగిపోతుంది. కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉన్నా ఫరవాలేదు, మాట విరగకూడదు. ఒత్తులు కింది పంక్తి గుడులను తాకకుండా పంక్తుల మధ్య చోటు వదలాలి. కాగితం మరీ తెల్లగా మెరవకూడదు, వెనక పేజీ అక్షరం ఇవతలికి కనపడకూడదు.

సాంకేతిక పదాల గురించి బెంగ అక్కర్లేదు. బంకరు, కాన్వాయి, గ్రెనేడు, కర్ఫ్యూ, హెలికాప్టరు జనానికి తెలిసిన మాటలు. వాటికి కొత్తగా సంస్కృతం పుట్టించినప్పుడే పాఠకుడు పారిపోతాడు.

రెండు అభ్యంతరాలు

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు.

మొదటిది: కొత్తగా చదివేవాళ్లకు హింస అందించాలా? ఆ ప్రశ్నకు నేను గౌరవంతోనే జవాబిస్తాను. యుద్ధాన్ని పండగలా చూపించే కథ నాకూ వద్దు. శత్రువును మనిషి కాదన్నట్టు చిత్రించే కథ అసలే వద్దు. అయితే మంచి సైనిక కథ భయం గురించి రాస్తుంది. పక్కవాడి రక్తం తన చేతికంటినప్పుడు కుర్రాడు ఎలా వణికాడో చెబుతుంది. ఇంటికి వచ్చాక నిద్ర ఎందుకు పట్టదో చెబుతుంది. పెట్టెలో వచ్చిన కొడుకును చూసి తండ్రి ఏం చేశాడో చెబుతుంది. సినిమాల్లో హీరో పాతిక మందిని కాల్చి నడుచుకుంటూ వెళ్లిపోతాడు. సినిమా ఆ లెక్కలు ఎప్పుడూ తేల్చదు. నిజాయితీ గల పుస్తకం తేలుస్తుంది. సైన్యంలో పనిచేసిన మనిషి పక్కన కూర్చుని ఇంకొకరు రాస్తే ఆ నిజాయితీ సులువుగా వస్తుంది.

రెండోది: ఇది సాహిత్యమా? దీనికి బదులు మంచి కథలు, నీతి పాఠాలు, ఆరోగ్య సూత్రాలు ఇవ్వవచ్చు కదా? ఇచ్చాం. వయోజన విద్య కోసం మనం వేసిన చిన్న పుస్తకాల్లో పరిశుభ్రత, పొదుపు, పురుగుమందుల వాడకం, పశువుల వైద్యం ఉన్నాయి. అవి అవసరమైనవే. కానీ నలభై ఏళ్ల మనిషి పగలంతా ఇతరులు చెప్పినట్టు చేసి వచ్చి, రాత్రి కూడా ఇంకొకరు చెప్పే బుద్ధులు వినడానికి పుస్తకం తెరవడు. మనం నవల తెరిచేది ఆనందం కోసం. అతనికి కూడా ఆ ఆనందం మీద అంతే హక్కుంది. చదవడంలో సుఖం ఉందని ఒకసారి రుచి చూసినవాడు తర్వాత ఏది చదవాలో తానే తేల్చుకుంటాడు. శ్రీశ్రీ దాకా వస్తాడో, వార్తాపత్రిక దగ్గర ఆగుతాడో, కూతురి పాఠ్యపుస్తకం తెరుస్తాడో అది అతని ఇష్టం. మొదటి పుస్తకం పూర్తి చేయించడం మాత్రం మన పని.

చేయవలసినది

గ్రంథాలయ పన్ను కింద ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు మనందరం కడుతున్నాం. అద్దె గదిలో ఉండే సెక్యూరిటీ గార్డు కట్టే అద్దెలో కూడా ఆ పైసలున్నాయి. ఆ పైసలతో కొన్న పుస్తకాల్లో అతని కోసం రాసినది ఒక్కటైనా ఉందా? ఉండాలని గ్రంథాలయ సంస్థలను ఈ వేదిక మీదినుంచి కోరుతున్నాను. శాఖా గ్రంథాలయంలో గుమ్మం పక్కనే, దినపత్రికల బల్ల దగ్గర ఒక అర కేటాయించండి. ‘నవ్య అక్షరాస్యులకు’ అని బోర్డు పెట్టకండి. ‘యాక్షన్ కథలు’ అని పెట్టండి, చాలు. పేపరు చూడటానికి వచ్చేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. వాళ్ల చేయి ఆ అర మీదికి వెళ్తుంది.

ప్రచురణకర్తలను కోరేది: పది చిన్న పుస్తకాలతో మొదలుపెట్టండి. ఒక సినిమా టికెట్టు కంటే తక్కువ ధర పెట్టండి. బస్టాండులో, పెట్రోలు బంకులో, సైనికుల క్యాంటీనులో, జైలు గ్రంథాలయంలో దొరికేటట్టు చూడండి.

రచయితలను కోరేది అన్నింటికంటే పెద్దది. మీలో పేరున్నవాళ్లు ముందుకు రండి. కొత్తవాళ్లకు అప్పగించి తప్పుకోకండి. ఈ పుస్తకం మామూలు నవల కంటే కష్టం. దాక్కోవడానికి ఒక్క అలంకారం ఉండదు. రాసిన ప్రతి అధ్యాయాన్ని ఒక వాచ్‌మన్‌కో, ఆటో డ్రైవరుకో ఇచ్చి, పక్కన కూర్చుని చదివించండి. అతను ఎక్కడ ఆగితే అక్కడ మీ వాక్యాన్ని దిద్దుకోండి. ఎక్కడ నవ్వాడో, ఎక్కడ ‘తర్వాతేమైంది సార్?’ అని అడిగాడో అది ఉంచండి. మన ఊళ్లలో ఉన్న మాజీ సైనికుల దగ్గరికి వెళ్లండి. వాళ్ల అనుమతితో, వాళ్ల మాటల్లో కథ తీసుకోండి. వాళ్ల తరం వెళ్లిపోయాక ఆ మంచు, ఆ ఇసుక, ఆ భయం మనకు చెప్పేవాళ్లు ఉండరు.

గాడిచర్ల వారి తరం ఊరూరా పుస్తకం చేర్చడానికి ఎడ్లబండి మీద, పడవ మీద, భుజం మీద మోసింది. ఇప్పుడు రోడ్లున్నాయి, అచ్చుయంత్రాలున్నాయి, చట్టం ఉంది, పన్ను ఉంది. లేనిది ఆ నూరు పేజీలే. అవి రాయగలిగినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. వచ్చే ఏడాది ఇదే రోజుకు వాటిలో మొదటి పుస్తకం అచ్చయి, చదివిన ఒక పాఠకుడు ఈ వేదిక ఎక్కి అందులో ఏం నచ్చిందో, ఏం నచ్చలేదో మనకు చెప్పాలని కోరుకుంటున్నాను. ఆయన చెప్పింది రాసుకుని రెండో పుస్తకం మొదలుపెడదాం.